రిమోట్‌తో టవర్ క్రేన్ నడపడం: ఎక్కడ నిలబడాలి, ఏది ముందు, ఏది తర్వాత

"క్యాబిన్ ఎక్కే పని లేదు, రిమోట్ చేతికిచ్చారు, రేపటి నుంచి నేనే నడపాలి, ఎలా?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా ఒకేచోట రాసిపెడుతున్నా.

క్యాబిన్‌లో కూర్చున్నవాడికి జిబ్ (క్రేన్ అడ్డంగా చాచే పొడవాటి చేయి) ఎప్పుడూ కళ్ళముందే ఉంటుంది, గాలి పెరిగితే ముందు వాడికే తెలుస్తుంది, సరుకు కట్టిన బెల్ట్ తెగి లోడ్ పడినా వాడి మీద పడదు. కింద రిమోట్ పట్టుకున్నవాడికి ఈ మూడూ ఉండవు. ఇక్కడ రాసిన స్టెప్పుల్లో చాలా భాగం ఈ మూడు లోట్లను పూడ్చుకోవడానికే.

ఇది శిక్షణ ఉండి, సైట్ రాతపూర్వకంగా అనుమతించిన ఆపరేటర్ కోసం. క్రేన్ నిలబెట్టడం, ఎత్తు పెంచడం, విప్పడం ఇందులో లేవు. అవి ఎరెక్షన్ టీమ్ పనులు, ఫోన్లో వీడియో చూసి చేసేవి కావు.

1. రిమోట్ ముట్టుకోకముందు

కాగితాలు ఆఫీసులో ఉన్నాయంటే నమ్మకండి, ఒక్కసారి కళ్ళతో చూడండి. పది నిమిషాల పని.

- క్రేన్‌కు కాంపిటెంట్ పర్సన్ (తనిఖీ చేసే అర్హత ఉన్న నిపుణుడు) ఇచ్చిన తనిఖీ సర్టిఫికెట్ 12 నెలల లోపుదేనా?
- బెల్టులు, వైర్ స్లింగులు (లోడ్ కట్టే ఇనుప తాళ్ళు), డి-షాకిళ్ళకు (పిన్ బిగించే డి ఆకారపు కొక్కేలు) విడిగా సర్టిఫికెట్ ఉందా? (క్రేన్ సర్టిఫికెట్ వీటికి వర్తించదు, చాలామంది పొరబడేది ఇక్కడే.)
- మీ పేరు, మీ రిగ్గర్ (లోడ్ కట్టేవాడు) పేరు, సిగ్నల్‌మ్యాన్ (సైగ చేసి, వాకీ-టాకీలో చెప్పి దారి చూపేవాడు) పేరు ఆ రోజు పర్మిట్ మీద ఉన్నాయా?
- క్రేన్‌కు క్యాబిన్ కూడా ఉంటే, క్యాబిన్-రిమోట్ సెలెక్టర్ స్విచ్ రిమోట్ వైపు ఉందా, పైన ఎవరూ లేరా?
- క్రేన్ అడుగున ఉన్న మెయిన్ స్విచ్ ఎక్కడుందో మీకు తెలుసా, దాని ముందు సిమెంట్ బస్తాలు పేర్చలేదు కదా?

చివరి ప్రశ్న ఎందుకో 11వ భాగంలో తెలుస్తుంది.

2. లోడ్ చార్ట్: అసలు ఎంత మోయగలదు

చాలా మోడళ్ళకు పేరులోనే సగం సమాచారం ఉంటుంది. 6013 అంటే జిబ్ 60 మీటర్లు, జిబ్ చివర మోసేది 1.3 టన్నులు. అదే క్రేన్ మాస్ట్‌కు (నిలువు స్తంభానికి) దగ్గరగా 6 టన్నులు ఎత్తుతుంది కాబట్టి "మనది ఆరు టన్నుల క్రేన్" అని సైట్‌లో అందరూ అంటుంటారు. ఆ మాట చెవిన వేసుకోవద్దు.

ఒక లెక్క చూడండి. క్యూబిక్ మీటరు కాంక్రీట్ దాదాపు 2.4 టన్నులు. అర క్యూబిక్ మీటరు బకెట్ అంటే కాంక్రీట్ 1.2 టన్నులు, ఖాళీ బకెట్ ఒక 200 కిలోలు అనుకుందాం, మొత్తం 1.4 టన్నులు. ఈ క్రేన్ దాన్ని జిబ్ చివరికి మోయలేదు! "సగం బకెట్టే కదా" అని ట్రాలీని (జిబ్ మీద హుక్‌ను ముందుకూ వెనక్కూ తీసుకెళ్ళే బండిని) బయటికి తోలేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వేసి ఉండరు.

స్టీల్‌కు అందరికీ తెలిసిన సూత్రమే: వ్యాసం (మి.మీ.లో) వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు కిలోలు. 16 ఎంఎం కడ్డీ మీటరుకు 1.58 కిలోలు, 12 మీటర్ల కడ్డీ 19 కిలోలు, వంద కడ్డీల కట్ట 1.9 టన్నులు. 25 ఎంఎం అయితే 12 మీటర్ల కడ్డీ ఒక్కటే 46 కిలోలు దాటుతుంది, 50 కడ్డీలకే 2.3 టన్నులు.

లోడ్ చార్ట్ (ఏ దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక) చదివేటప్పుడు రెండు చూసుకోండి: అది రెండు రోప్‌ల హుక్‌కా నాలుగు రోప్‌ల హుక్‌కా, మీ జిబ్ పొడవుకే చెందిన వరుసా కాదా. ఆ వరుసను ఫొటో తీసి, ప్రింట్ చేసి, లామినేట్ చేసి రిమోట్ బెల్ట్‌కు తగిలించుకోండి. ఎత్తేది లోడ్ బరువు ఒక్కటే కాదు. బెల్టులు, షాకిళ్ళు, బకెట్, స్ప్రెడర్ బీమ్ (స్లింగులను దూరదూరంగా పట్టి ఉంచే అడ్డ దూలం) అన్నీ కలుపుకోవాలి.

3. నిలబడే చోటు తేల్చుకోవడం

రిమోట్ ఆపరేషన్‌లో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్ ఇది, అందరూ ఎగరగొట్టేదీ ఇదే. రిమోట్ నడుముకు కట్టుకుని లోడ్ వెంట నడుచుకుంటూ పోతారు, కళ్ళు పైన, కాళ్ళ కింద లిఫ్ట్ గుంత.

లిఫ్ట్‌కు ముందు, లోడ్ లేకుండా, మొత్తం దారి ఒకసారి నడవండి: ఎత్తే చోటు, తిరిగే దారి, దించే చోటు. ఆ తర్వాత చోటు ఎంచుకోండి. ఆ చోటు ఇలా ఉండాలి:

- లోడ్ పోయే దారి కింద కాదు, ఊగినా తగిలేంత దగ్గర కాదు
- ఎత్తే చోటు, దించే చోటు రెండూ కనపడాలి; కుదరకపోతే ఒకటి మీకు, రెండోది సిగ్నల్‌మ్యాన్‌కు
- వెనక గోడో కడ్డీల గుట్టో ఉండకూడదు, పక్కకు తప్పుకోవడానికి దారి ఉండాలి
- మధ్యాహ్నం ఎండ సూటిగా కంట్లో పడకూడదు
- స్లాబ్ అంచు నుంచి, తెరిచిన షాఫ్ట్‌ల నుంచి దూరం

నడవాల్సి వస్తే ముందు లోడ్ ఆపండి, తర్వాత నడవండి, నిలబడ్డాక మళ్ళీ కదపండి. నడుస్తూ బటన్ నొక్కకూడదనే ఒక్క నియమం పాటించినా సగం గొడవ తగ్గుతుంది.

4. ఎడమ, కుడి తారుమారు

రిమోట్ మీద ఉండే ఎడమ, కుడి బాణాలు క్యాబిన్‌లో కూర్చుని జిబ్ వైపు చూసేవాడి ఎడమ, కుడి. మీరు జిబ్ చివరన నిలబడి మాస్ట్ వైపు చూస్తుంటే అంతా తిరగబడుతుంది. ట్రాలీకి కూడా అంతే, "ముందుకు" అంటే జిబ్ చివరికి, మీ ముందుకు కాదు.

నేను పనిచేసిన ఒక సైట్‌లో, సాయంత్రం వేళ, ఆపరేటర్ రోజూ నిలబడే చోట బురద ఉందని మాస్ట్‌కు అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. అలవాటుగా బటన్ నొక్కాడు. స్టీల్ కట్ట ఖాళీ స్థలం వైపు పోవాల్సింది సెంట్రింగ్ వాళ్ళ వైపు తిరిగింది. ట్యాగ్‌లైన్ (లోడ్ తిరగకుండా కింద నుంచి పట్టుకునే తాడు) పట్టుకున్న కుర్రాడు దాన్ని వదిలేసి బోర్లా పడ్డాడు. ఎవరికీ ఏం కాలేదు, అదృష్టం.

మర్నాడు మేం చేసింది ఇది, మీరూ చేయొచ్చు:

- మాస్ట్ నాలుగు ముఖాల మీద, కింద నుంచి కనపడేంత పెద్దగా, ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పట్టీలు
- వాకీ-టాకీలో "ఎడమకు, కుడికి" నిషేధం. "పసుపు వైపు", "నీలం వైపు" అనాలి
- చోటు మారినప్పుడల్లా ఖాళీ హుక్‌తో బటన్ ఒక్కసారి తట్టి జిబ్ ఎటు పోతోందో చూసుకోవడం

5. రిమోట్ చెకింగ్

షిఫ్ట్ మొదట్లో ఐదు నిమిషాలు. క్రేన్ చుట్టూ మనుషులు లేనప్పుడు, హుక్ ఖాళీగా ఉన్నప్పుడు చేయాలి.

1. రిమోట్ మీద ఉన్న క్రేన్ నంబరు, క్రేన్ మీద ఉన్న నంబరు ఒకటేనా చూడండి. రెండు క్రేన్లున్న సైట్‌లో టీసీ-1 (ఒకటో టవర్ క్రేన్) రిమోట్ నొక్కితే టీసీ-2 కదలడం లేదని కూడా నిర్ధారించుకోండి.
2. బటన్లు అన్నీ నొక్కి వదలండి, వెంటనే పైకి రావాలి. ఇరుక్కునే బటన్ ఒక్కటున్నా ఆ రిమోట్ ఆ రోజు పనికిరాదు.
3. క్రేన్ ఆన్ చేసి, హుక్‌ను నెమ్మదిగా పైకి లేపుతూ ఎర్ర స్టాప్ బటన్ నొక్కండి. ఆగాలి. స్టాప్ విడుదల చేసినంత మాత్రాన దానంతట అదే కదలకూడదు, స్టార్ట్ మళ్ళీ నొక్కితేనే కదలాలి.
4. నెలకోసారి, హుక్ ఖాళీగా నెమ్మదిగా కదులుతుండగా రిమోట్ బ్యాటరీ పీకి చూడండి. సిగ్నల్ పోతే క్రేన్ దానంతట అదే క్షణాల్లో ఆగాలి.
5. చార్జ్ చేసిన రెండో బ్యాటరీ జేబులో ఉందా?

మన దేశంలో ఈ రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర, లేదా లైసెన్స్ అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తాయి. పక్క సైట్ క్రేన్, బ్యాచింగ్ ప్లాంట్ రిమోట్, ఇంకా ఏవేవో అదే గాలిలో ఉంటాయి. క్రేన్ ఊరికే ఆగి ఆగి నడుస్తుంటే బ్యాటరీ తర్వాత అనుమానించాల్సింది దీన్నే. చానల్ మార్చే పని సర్వీస్ టెక్నీషియన్‌ది.

స్పేర్ రిమోట్ తాళం వేసిన బీరువాలో ఉండాలి. భోజనానికి వెళ్ళేటప్పుడు రిమోట్ తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. రిమోట్‌ను సిమెంట్ బస్తా మీద పెట్టి టీకి పోవడం నేను వారానికోసారైనా చూస్తుంటా.

6. లిమిట్లు, బ్రేకులు

ఇక్కడ పొడవుగా రాయను, మాన్యువల్‌లో ఉంటుంది. లిమిట్ అంటే హద్దు దాటకుండా కదలికను ఆపే స్విచ్. హుక్ పైకి లిమిట్, కిందికి లిమిట్, ట్రాలీ లోపలి, బయటి లిమిట్లు, తిరిగే లిమిట్, అన్నీ ఖాళీ హుక్‌తో, నెమ్మది స్పీడులో పరీక్షించండి. హుక్ కిందికి పూర్తిగా దించినా డ్రమ్ మీద కనీసం మూడు చుట్ల రోప్ మిగిలి ఉండాలి.

ఓవర్‌లోడ్ కట్‌ఆఫ్ పడితే కిందికి దించడం, ట్రాలీని లోపలికి లాగడం మాత్రమే పనిచేస్తాయి. దాన్ని బైపాస్ చేసి ఎత్తమని ఎవరన్నా, ఎంత పెద్ద ఇంజినీర్ అన్నా, రిమోట్ ఆయన చేతికే ఇచ్చి పక్కకు తప్పుకోండి. ఆయన తీసుకోడు.

7. లోడ్ కట్టడం

బెల్టులకు రంగును బట్టి సామర్థ్యం: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, బూడిద 4, ఎరుపు 5. రంగు చూసి సరిపెట్టుకోకండి, లేబుల్ చదవండి. లేబుల్ చిరిగిపోయిన బెల్ట్‌ను అక్కడే కోసి పారేయాలి, "లోపల పెడదాం" అంటే మర్నాడు మళ్ళీ బయటికొస్తుంది. చోకర్ (బెల్ట్‌ను ఉచ్చులా బిగించి కట్టడం) వేస్తే సామర్థ్యం దాదాపు 80 శాతానికి పడిపోతుంది.

కోణం సంగతి. రెండు కాళ్ళ స్లింగ్‌తో 2 టన్నులు ఎత్తుతున్నారనుకుందాం. కాళ్ళు నిలువుగా ఉంటే ఒక్కోదానిపై 1 టన్ను. లోడ్‌తో 60 డిగ్రీల కోణమైతే 1.15 టన్నులు, 45 డిగ్రీలైతే 1.41, 30 డిగ్రీలకు పడిపోతే ఒక్కోదానిపై పూర్తిగా 2 టన్నులు. పొట్టి స్లింగ్‌తో పొడుగు కట్ట ఎత్తకూడదనేది ఇందుకే.

- స్టీల్ కట్టకు రెండు చోట్ల బెల్ట్ లేదా స్లింగ్, మధ్యలో ఒక్కటే కాదు
- కట్టకున్న బైండింగ్ వైర్‌లో హుక్ పెట్టి ఎత్తడం అస్సలు వద్దు
- పదునైన అంచుల దగ్గర గోనెసంచి కాదు, సరైన ప్యాడ్
- విడి క్లిప్పులు, పిన్నులు, చిన్న పైపులు జాలీ బాక్సులోనే
- హుక్ లాచ్ మూసుకుందా? షాకిల్ పిన్ పూర్తిగా బిగిసిందా?
- ట్యాగ్‌లైన్ కట్టారా? తాడు చేతికి చుట్టుకోకూడదు, పట్టుకోవాలి

8. ఎత్తడం: ఇదే వరుసలో

1. ట్రాలీ సరిగ్గా లోడ్ మీదికి తీసుకురండి. హుక్ వాలుగా ఉంటే ఎత్తకండి, లోడ్ లేవగానే అది మీ వైపో రిగ్గర్ వైపో ఊగుతుంది.
2. నెమ్మది స్పీడులో బెల్ట్ బిగుసుకునే దాకా లాగి ఆగండి. రిగ్గర్ చేతులు బయటికి తీశాడా?
3. 20, 30 సెంటీమీటర్లు లేపి మళ్ళీ ఆగండి. కనీసం పది సెకన్లు చూడండి. బ్రేక్ పట్టుకుందా, లోడ్ ఒక పక్కకు ఒరుగుతోందా, బెల్ట్ జారుతోందా? ఒరిగితే దించి మళ్ళీ కట్టించండి.
4. దారిలో ఉన్న అన్నిటికన్నా ఎత్తుకు ముందు లేపండి, ఆ తర్వాతే తిప్పండి.
5. కొత్తవాళ్ళు ఒకసారి ఒకే కదలిక. ఎత్తడం, తిప్పడం, ట్రాలీ మూడూ కలిపి నడపడం చేయి తిరిగాక.
6. దించే చోటుకు రెండు మీటర్ల పైన ఆపి, ఊగుడు తగ్గాక, మొదటి స్టెప్ స్పీడులో దించండి. కింద చెక్క దుంగలు ముందే పెట్టి ఉండాలి.
7. బెల్ట్ వదులు చేసి, లోడ్ నిలబడిందని రిగ్గర్ చెప్పాకే హుక్ విప్పాలి. ఇరుక్కున్న బెల్ట్‌ను క్రేన్‌తో లాగొద్దు.

కాంక్రీట్‌కు అతుక్కున్న షట్టరింగ్‌ను పీకడం, నేల మీద వస్తువును ఈడ్చడం, మనుషుల్ని బకెట్‌లో ఎక్కించడం, ఈ మూడింటికీ "ఈ ఒక్కసారికి" అనే మినహాయింపు లేదు.

9. ఊగుడు ఆపడం

రోప్ పొడవు పెరిగే కొద్దీ ఊగుడు నిదానమవుతుంది. 10 మీటర్ల రోప్ మీద ఒక పూర్తి ఊపుకు 6 సెకన్లు, 40 మీటర్ల మీద దాదాపు 13 సెకన్లు. కొత్త ఆపరేటర్ ఈ 13 సెకన్లు ఓపిక పట్టలేక వెనక్కి బటన్ నొక్కుతాడు, ఊగుడు రెట్టింపవుతుంది.

చేయాల్సింది: లోడ్ ఎటు ఊగుతుందో అటే ట్రాలీని కొద్దిగా పంపాలి. లోడ్ ఊపు చివరికి చేరే సమయానికి ట్రాలీ దాని నెత్తి మీదికి వచ్చి ఆగాలి. రెండుసార్లలో చాలావరకు తగ్గుతుంది. అడ్డంగా ఊగితే జిబ్‌తో ఇదే పని, ఇంకా సున్నితంగా. తిరుగుతున్న జిబ్‌ను స్లూయింగ్ బ్రేక్ (జిబ్ తిరగకుండా పట్టే బ్రేక్) వేసి ఆపొద్దు, చాలా క్రేన్లలో అది నిలిపి ఉంచే బ్రేక్ మాత్రమే. ఎదురు బటన్ కొట్టి ఆపినా గేర్లు పోతాయి.

10. గాలి

కింద చెమటలు పడుతున్నా 50 మీటర్ల పైన గాలి వేరు. గాలి వేగం కొలిచే మీటర్ డిస్‌ప్లే మీ రిమోట్ మీదో, మాస్ట్ అడుగునో ఉండాలి. లేకపోతే అడిగి పెట్టించుకోండి.

చాలా మాన్యువళ్ళలో పని చేయగల గరిష్ఠ గాలి గంటకు 72 కి.మీ. అని ఉంటుంది. మీ మాన్యువల్‌లో తక్కువ ఉంటే అదే లెక్క. పైగా అది క్రేన్ తట్టుకునేది, లోడ్ కాదు. పది చదరపు మీటర్ల షట్టరింగ్ ప్యానెల్‌ను గంటకు 36 కి.మీ. గాలి 60 కిలోల బలంతో నెడుతుంది, 54 కి.మీ. గాలి 140 కిలోలతో. ట్యాగ్‌లైన్ పట్టుకున్న మనిషి బరువెంత? అందుకే నేను వెడల్పు లోడ్లు 30 దాటితే ఆపేస్తా, ఏ లోడైనా 45 దాటితే.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగు దాటాక వచ్చే గాలిదుమారం చెప్పిరాదు. పడమర నల్లబడితే గాలితో మొదటి దుమ్ము లేచేలోపే లోడ్ కిందుండాలి. కోస్తాలో అక్టోబరు, నవంబరులో వాతావరణ శాఖ హెచ్చరికలు పొద్దున్నే చూసుకోండి. ఉరుము వినపడితే పని బంద్.

11. తేడా వస్తే

బటన్ వదిలినా కదలిక ఆగలేదు: ఎర్ర స్టాప్. అప్పటికీ ఆగకపోతే కాంటాక్టర్ (మోటారుకు కరెంట్ ఇచ్చి ఆపే స్విచ్) అతుక్కుపోయి ఉంటుంది, రిమోట్‌తో కుస్తీ పట్టొద్దు, మాస్ట్ అడుగున మెయిన్ స్విచ్ దించేయాలి. మీరు దూరంగా ఉంటారు కాబట్టి ఆ పని చేసే మనిషిని పొద్దున్నే నియమించుకోవాలి.

లోడ్ గాల్లో ఉండగా కరెంట్ పోయింది: బ్రేకులు స్ప్రింగ్‌తో పట్టుకుంటాయి, కంగారు పడకండి. స్టాప్ నొక్కి, కింద జనాన్ని ఖాళీ చేయించి, ఆ చోటు చుట్టూ తాడు కట్టి కాపలా పెట్టండి. చేత్తో బ్రేక్ వదిలి దించడం టెక్నీషియన్ పని.

సిగ్నల్ పోయి క్రేన్ ఒక్కసారిగా ఆగింది: లోడ్ గట్టిగా ఊగుతుంది. ఊగుడు తగ్గాకే స్టార్ట్ చేయండి. ఒకే షిఫ్ట్‌లో మూడోసారి ఇలా అయితే లోడ్ దించి సర్వీస్‌కు ఫోన్.

సిగ్నల్‌మ్యాన్ గొంతు ఆగింది: కనపడని చోట దించేటప్పుడు అతను "కిందికి, కిందికి, కిందికి" అని ఆపకుండా చెబుతూ ఉండాలి. మాట ఆగితే బటన్ వదిలేయండి. మన సైట్లలో పైకి "హాబీస్", కిందికి "ఆరియా" అనే ఖలాసీ మాటలు బిహార్ కుర్రాడి నుంచి శ్రీకాకుళం మేస్త్రీ దాకా అందరికీ అర్థమవుతాయి. ఏ మాట వాడినా పర్లేదు, పొద్దున్నే ఒకటే అనుకోండి, ముందు క్రేన్ నంబరు చెప్పాలి. "ఆపు" మాత్రం ఎవరరిచినా ఆపాల్సిందే, టీ తెచ్చే పిల్లాడైనా సరే.

12. పని ముగించడం

రిమోట్ ఆపరేటర్లు ఎక్కువగా మర్చిపోయేది ఇక్కడే. స్విచ్ ఆపేసి బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోతారు, స్లూయింగ్ బ్రేక్ బిగిసే ఉంటుంది. రాత్రి పెద్ద గాలి వస్తే జిబ్ గాలివాటుకు తిరగలేక పక్క నుంచి మొత్తం దెబ్బ తింటుంది. క్రేన్ కూలడానికి అది చాలు.

- హుక్ మీద ఏమీ లేదు, బకెట్ కూడా
- హుక్ పైకి లేపి, మాన్యువల్ చెప్పిన చోట (ఎక్కువగా మాస్ట్ దగ్గర) ట్రాలీ నిలిపారు
- స్లూయింగ్ బ్రేక్ విడుదల చేశారు, జిబ్ గాలికి మెల్లగా కదలడం కళ్ళతో చూశారు
- జిబ్ పూర్తి చుట్టు తిరిగినా పక్క బిల్డింగ్‌కు, రెండో క్రేన్‌కు, కరెంటు తీగలకు తగలదు. జిబ్‌ను తాడుతో ఎక్కడా కట్టలేదు
- మెయిన్ స్విచ్ ఆఫ్, తాళం
- రిమోట్ తుడిచి, బ్యాటరీ చార్జింగ్‌లో పెట్టి, తాళంచెవి స్టోర్‌లో సంతకం చేసి ఇచ్చారు
- ఆ రోజు సిగ్నల్ ఎన్నిసార్లు పోయింది, ఏ బటన్ గట్టిగా ఉంది, ఏ బెల్ట్ పారేశారు: లాగ్ బుక్‌లో రాసి, రాత్రి షిఫ్ట్ ఆపరేటర్‌కు నోటితో కూడా చెప్పారు